ఆటోలో దుప్పికొమ్ము

పత్రికలో చదివి డైరీలోకి ఎక్కించుకున్న ఒక సంగతిని పొద్దున టీ తాగుతూ మా ఆవిడకు చెప్పాను. ఒకప్పుడు యూరప్ చర్చిల్లో మెలికలు తిరిగిన పొడవాటి కొమ్ములను ఒంటికొమ్ము గుర్రానివని భద్రంగా దాచేవారట. వాటిని ముంచిన నీళ్లు తాగితే విషం విరుగుతుందని నమ్మకం. తీరా చూస్తే అవి చలిసముద్రంలో తిరిగే నార్వాల్ అనే తిమింగలం పళ్లు.

"పన్నుకు, కొమ్ముకు తేడా తెల్వలేదా వాళ్లకు?" అని నవ్వింది. నవ్వుతూనే ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని గోడకు ఆనుకుంది. నుదుటి నిండా చెమట.

"గ్యాస్ అయ్యుంటది. అమ్మ ఇచ్చిన దుప్పికొమ్ము ఉన్నది గద, గంధం తియ్యి."

మా అత్తగారి కాలం నుంచి గుండె పట్టేసినా, పక్క నొప్పి వచ్చినా అదే మందు. సాన మీద నీళ్లు చిలకరించి కొమ్మును అరగదీసి, ఆ తెల్లటి గంధం నొప్పి ఉన్నచోట రాస్తారు.

"ముందు దవాఖానకు పోదాం."

"మా అమ్మ దీంతోనే ఎంతమందిని లేపింది! నీ పేపరోడు సముద్రంల పన్ను జూసిండు. నా కొమ్ము జూసిండా?"

వాదిస్తే కదలదు. కొమ్మూ, సానా సంచిలో వేసుకున్నాను.

"తీస్త. గని ఆటోల తీస్త."

హుస్సేనీ ఆలంలో మా సందు మొగదల ఉండే ఆటో భాయ్, సంచిలోంచి పొడుచుకొచ్చిన కొమ్ము చూసి, "ఏంది చాచా, షికార్‌కు పోతున్నవా?" అన్నాడు. ఆమె ముఖం చూడగానే ఆటో స్టార్ట్ చేశాడు. గుంతల్లో ఆటో ఎగురుతుంటే సాన ఒళ్లో పెట్టుకుని అరగదీశాను. సగం నా లాల్చీకే అంటింది. మిగిలింది ఆమె కొంగు చాటున రాసుకుంది.

ఈసీజీ తీగలు అంటించబోయిన నర్సు ఆగింది. "ఇదేంది, సున్నమా?"

"గంధం బిడ్డా. తుడువకు."

నర్సు తుడిచేసింది. గుండెపోటే. సమయానికి తెచ్చారన్నాడు డాక్టరు.

ఇంటికి వచ్చాక పరామర్శకు వచ్చిన వాళ్లందరికీ ఆమె ఒకటే చెప్తోంది: "కొమ్ము గంధం రాసుకున్న. ఆటోలనే సగం తగ్గింది."

నాకు భయం పట్టుకుంది. ఆ చర్చి నీళ్లు తాగి బతికినవాళ్లూ ఇట్లాగే చెప్పి ఉంటారు. బతకనివాళ్లు ఏం చెప్తారు? మళ్లీ నొప్పి వచ్చినప్పుడు నేను ఇంట్లో లేకపోతే, ఈమె సాన ముందేసుకుని కూర్చుంటుంది.

మొన్న దేవుడి గూడు తుడుస్తూ అరిచింది. "కొమ్ము ఉన్నది, సాన ఏది?"

"ఆటో భాయ్ సీటు కింద పెట్టించిన."

"ఎందుకూ?"

"ఆటోలనే తగ్గిందంటివి గద."