ఎనిమిదికి ముందటి లెక్క

ఇది ఇప్పటివరకు ఎవరికీ చెప్పలేదు. గద్వాల చివర నాలుగు దారులు కలిసే చోట, ఒక ఉదయం, మా అమ్మ కూర్చున్న ఆటోకూ ఒక లారీకీ మధ్య జానెడు సందు మాత్రమే మిగలడం నేను చూశాను. చూసి అరవలేదు, పరిగెత్తలేదు. నా ఒళ్లో వాహనాలు లెక్కపెట్టే కాగితం, అట్ట, పెన్ను ఉన్నాయి. కాగితం మొదటి గడిలో ఉదయం ఎనిమిది గంటలు అని ఉంది. అప్పటికి టైం ఆరుంబావు. అందుకని ఏమీ రాయలేదు. సాయంత్రం అమ్మ ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, పొయ్యి ముట్టించింది. ఆమె కూడా ఏమీ చెప్పలేదు.

నేను వనపర్తిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. క్లాసులో లేచి మాట్లాడటం నాకు రాదు. జవాబు తెలిసినా తల దించుకుంటాను, తర్వాత దాన్ని డైరీలో రాసుకుంటాను. పుస్తకాలు కూడా దాచుకునే చదువుతాను, ఏం చదువుతున్నావని ఎవరైనా అడిగితే చెప్పాల్సి వస్తుందని. మా లెక్కల సార్ చిన్న పట్టణాల ట్రాఫిక్ మీద పరిశోధన చేస్తున్నారు. ఏ దారికి ఎంతసేపు పచ్చదీపం ఇవ్వాలి, ఊరి ఈ చివరి నుంచి ఆ చివరికి చేరడానికి ఏ వేళలో ఎంత సమయం పడుతుందో ముందుగానే చెప్పగలమా అన్నది ఆయన పని. సెలవుల్లో గద్వాలలో ఉండేదెవరని అడిగితే నా పేరు పక్క పిల్ల చెప్పింది. ఎవరితోనూ మాట్లాడనక్కర్లేని పని కదా అని ఒప్పుకున్నాను.

ఎనిమిది నుంచి పదకొండు దాకా కూడలి పక్కన కూర్చోవాలి. బైకు పోతే బైకు గడిలో, ఆటో పోతే ఆటో గడిలో ఒక గీత పెట్టాలి. అంతే. ఎనిమిదికి ముందు ఆ సిగ్నల్ నడవదు. పసుపు దీపం ఒక్కటే ఆగి ఆగి వెలుగుతుంటుంది, ఎవరికి వాళ్లు చూసుకుని పొమ్మని. మొదటి రోజు ఆలస్యమవుతానేమోనన్న భయంతో రెండు గంటల ముందే వెళ్లి కూర్చున్నాను. లేకపోతే చూసేదాన్నే కాదు.

విత్తనాల కోసం వేసే సీడు పత్తి పూత మీదున్న రోజులవి. పొద్దున్నే మగపువ్వు తెంపి ఆడపువ్వుకు రుద్దాలి. ఎండ ముదిరితే ఆ పని సాగదు. అందుకే కూలీల ఆటోలన్నీ ఆరున్నరకల్లా ఊరు దాటుతాయి. అమ్మ పోయే ఆటో మూడు వీధులు తిరిగి, అందరినీ ఎక్కించుకుని, ఆఖరున మా సందు ముందు ఆగుతుంది. మా ఇల్లు కూడలికి అంత దగ్గర. ఆఖరున ఎక్కేవాళ్లకు మిగిలేది వెనక పలక. సామాన్లు పెట్టుకునే చోట అడ్డంగా వేసిన చెక్క అది. దాని మీద కూర్చుంటే ముఖం వెనక్కి ఉంటుంది, కాళ్లు రోడ్డు మీద వేలాడుతుంటాయి. అమ్మ సద్దిగిన్నె ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చుంటుంది.

ఆ రోజు రాయచూరు వైపు నుంచి వచ్చిన లారీ పసుపు దీపాన్ని చూసి వేగం తగ్గించలేదు. అడ్డంగా కూడలి దాటుతున్న ఆటో కూడా తగ్గించలేదు. లారీ అమ్మ మోకాళ్ల ముందు నుంచి పోయింది. ఆ గాలికి ఆమె కొంగు లేచి ముఖం మీద పడింది. కొంగు తీసుకునేసరికి లారీ లేదు.

మరునాడు ఆరింటికే వెళ్లాను. ఆ తర్వాత రోజూ వెళ్లాను. మూసి ఉన్న టైర్ల దుకాణం మెట్టు మీద కూర్చుని, డైరీలో నా సొంత గడులు గీసుకున్నాను. టైం ఎంత, ఆటోలో లోపల ఎందరు, వెనక పలక మీద ఎందరు. సార్ ఇచ్చిన కాగితంలో ఆటో అంటే ఒక గీత. ఆ గీతలో ఎందరున్నారో రాయడానికి చోటు లేదు. అమ్మ ఉన్న ఆటో పక్కన చిన్న చుక్క పెట్టేదాన్ని. ఆటో అవతలి మలుపు తిరిగాక ఊపిరి పీల్చుకునేదాన్ని. ఇక సాయంత్రం దాకా తిరుగు ప్రయాణం గురించి భయం. ఎనిమిది తర్వాత సార్ కాగితం మీద గీతలు పెడుతున్నా, దూరంగా ఎక్కడ హారన్ మోగినా పెన్ను ఆగిపోయేది.

నాలుగో రోజు వంట దగ్గర అమ్మతో అన్నాను.

"అమ్మా, రేపు ముందల కూసోరాదు?"

"ముందల డ్రైవరు ఒళ్లె కూసోవాల్నా?" అని నవ్వింది. "ఏందే, ఇయ్యాల మాటలొస్తున్నయి నీకు?"

"నాలుగు తొవ్వల కాడ పొద్దుగాల సిగ్నలు నడుస్తలేదు. సార్‌కు చెప్త."

అమ్మ చేతిలో గంటె ఆగింది. "ఏమని చెప్తవ్? ఒక్క ఆటోల గింతమంది పోతున్నరనా? రేపు పోలీసులొచ్చి ఆటోలు ఆపితే చేనుకు ఎట్ల పోతం? పూత మనకోసం ఆగుతదా?"

"మరి లారీ గుద్దితే?"

"గుద్దలే గద."

ఆ మాట అన్నాక ఆమె నా ముఖంలోకి చూసింది. లారీ సంగతి నాకు తెలుసని అప్పుడే గ్రహించిందనుకుంటాను. పొయ్యి వైపు తిరిగి, "పరేషాన్ గాకు. తిను జర," అంది.

అప్పటి నుంచి నాకు రెండు భయాలయ్యాయి. చెప్పకపోతే ఏదో ఒక ఉదయం ఆ జానెడు సందు కూడా మిగలదు. చెబితే ఆటోలు ఆగిపోతాయి, సీజన్ మధ్యలో అమ్మ ఆటోలో పోయే పదహారు మంది ఆడవాళ్లు పని లేకుండా మా సందులో కూర్చుంటారు, అందరూ మా తలుపు వైపే చూస్తారు. డైరీలో రెండూ రాశాను. రాస్తే తేలికవుతుందనుకున్నాను, కాలేదు.

వారం తర్వాత సార్ కాగితాలు తీసుకోవడానికి వనపర్తి నుంచి బస్సులో వచ్చారు. కాగితాల అడుగున డైరీలోంచి చింపిన పేజీలు కూడా పెట్టి ఇచ్చాను. ఆయన బస్టాండులో నిలబడే తిరగేశారు.

"ఆరింటి లెక్క ఎవరు చెయ్యమన్నరమ్మా?"

"ఎవరూ చెప్పలేదు సార్."

"ఒక్క ఆటోల పదహారు మందా?"

"అవును సార్."

"ఈ చుక్క ఏంది?"

తల దించుకున్నాను.

"మా అమ్మ, సార్."

సార్ ఆ రోజు వనపర్తికి తిరిగి వెళ్లలేదు. మరునాడు ఆరింటికి వచ్చి టైర్ల దుకాణం ముందు నా పక్కన నిలబడ్డారు. అమ్మ ఆటో దాటిపోయింది. ఆయన నా డైరీ పేజీలు మళ్లీ తిరగేశారు. "ఎనిమిదింటికి రద్దీ అని నేను వనపర్తిల కూసొనే రాసిన," అన్నారు చివరికి.

"సార్, ఆటోలు ఆపిస్తే వాళ్ల పని పోతది."

"ఆటోల గురించి నేను రాయ. సిగ్నలు అయిదున్నర నుంచే నడవాల్నని ట్రాఫిక్ పోలీసులకు రాస్త. ఆ తర్వాత పోలీసులేం చేస్తరో నాకు తెల్వదు."

కొన్ని రోజులు ఆ తెల్వదు అన్న మాట నన్ను తిననివ్వలేదు. ఒక ఉదయం వెళ్లేసరికి పసుపు దీపం లేదు. ఎర్రది వెలుగుతోంది, దాని తర్వాత పచ్చది. రోడ్డు మీద పోలీసులు కూడా లేరు. నేను సంతోషించాల్సిన ఉదయం అది. కాసేపు సంతోషించాను కూడా.

అమ్మ ఆటో వచ్చింది. ఎర్రదీపం చూసి ఆగింది. అప్పుడు తట్టింది నాకు. లోపల ఎందరు, బయట ఎందరు అని రాసుకున్నాను కానీ, ఆటో వెనక ఏం వస్తుందో ఎన్నడూ రాసుకోలేదు. ఆగిన ఆటో వెనక, అమ్మ ముఖానికి ఎదురుగా, ఒక లారీ వస్తోంది. ఆ వేళలో ఆ దారిలో ఎవరూ ఎప్పుడూ ఆగింది లేదు. ముందున్న ఆటో ఆగుతుందని ఆ డ్రైవరు ఎందుకనుకుంటాడు? అమ్మ కాళ్లు పైకి ముడుచుకుంది. ఒక చెప్పు జారి కింద పడింది. నేను లేచాను. ఏదో అరిచాను, ఏం అరిచానో తెలియదు. బ్రేకులు కీచుమన్నాయి. లారీ ఆ చెప్పు దగ్గరికి వచ్చి ఆగింది.

"ఓ లారాయనా, కండ్లు ఇంట్ల పెట్టొచ్చినవా?" అని ఆటోలోంచి ఒకామె లేచింది.

ఇంకొకామె ఆటో డ్రైవరు మీద పడింది. "ఎన్నడూ లేంది ఇయ్యాల ఆగినవ్, మమ్మల్ని సంపనీకా?"

"ఎర్రలైటుకు ఆగకుంటె ఎట్లమ్మా!" అన్నాడతను. లారీ డ్రైవరు కిందికి చూస్తూ కన్నడంలో ఏదో గొణుగుతున్నాడు. పచ్చదీపం వచ్చింది. ఆటో కదిలింది, వెనకే లారీ ఆ చెప్పు మీదుగా పోయింది. రోడ్డు మీదికి వెళ్లి దాన్ని తెచ్చుకున్నాను.

సాయంత్రం అమ్మ ముందు ఆ చెప్పు పెట్టాను. "గా సిగ్నలు నా వల్లనే అమ్మా," అన్నాను.

"ఎరుకే. నీ బిడ్డ సార్‌తోని నిలబడిందని డ్రైవరు చెప్పిండు." చెప్పును తిప్పి చూసింది. పట్టీ తెగలేదు. కడిగి గోడకు ఆరబెట్టింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

మరునాడు మధ్యాహ్నం నేను హాస్టల్‌కు బయలుదేరాలి. పొద్దున్నే చివరిసారి టైర్ల దుకాణం మెట్టు మీద కూర్చున్నాను. ఆటో వచ్చి ఎర్రదీపానికి ఆగింది. వెనక పలక మీద వేలాడుతున్న కాళ్లకు వెండి కడియాలున్నాయి. అవి అమ్మవి కావు. అమ్మ ఏదీ? వెనక ఒక బస్సు వచ్చి మెల్లగా ఆగింది. కడియాలామె పలకను రెండు చేతులతో పట్టుకుని దాన్నే చూస్తోంది. అప్పుడు లోపల రెండు భుజాల మధ్య నుంచి అమ్మ తల బయటికి వచ్చింది. నా ఒళ్లో తెరిచి ఉన్న డైరీని చూసి, దీపం మారేలోపే అంది:

"ఇయ్యాల్టి సంది వంతులేసుకున్నం బిడ్డా. నేను లోపలున్న, సూసినవా? రాస్కొని ఇంటికి పో. ఎనక పలక మీద మల్ల నా వంతు సోమారం."