చేతులెత్తిన గౌను

ఎండాకాలం రాగానే మా లైన్లో ఎవరో ఒకరు నన్ను చూసి రెండు చేతులూ పైకెత్తుతారు. కొత్తగా వచ్చినవాళ్ళు అదేదో నమస్కారం అనుకుంటారు. కాదండీ. అది నా పరువు. ఒక మధ్యాహ్నం, మాడుపగిలే ఎండలో, మా బొగ్గు కంపెనీ క్వార్టర్ల వరస వరసంతా నిలబడి చూస్తుండగా పోయిన పరువు. ఎలా పోయిందో నేనే చెప్పేస్తాను. పక్కింటి ఓదెలు కాకకు వదిలేస్తే ఇంకో రెండు గంపలు కలిపి చెప్తాడు.

ముందు మిషన్ సంగతి. మా అమ్మ కుట్టు మిషన్ నేను పుట్టకముందు నుంచీ ఇంట్లో ఉంది. అందుకే నాకంటే దానికి గౌరవం ఎక్కువ. బాపు, అంటే మా నాన్న, బాయికి (బొగ్గు గనిలోకి) డ్యూటీకి పోగానే అమ్మ దాని ముందు కూర్చునేది. ఆయన తిరిగొచ్చి గుమ్మం దగ్గర చెప్పులు విడిచేదాకా లేచేది కాదు. లైన్లో ఆడవాళ్ళ జాకెట్లూ, పిల్లల స్కూలు బట్టలూ అన్నీ అక్కడే తయారయ్యేవి. బాపుది రాత్రి షిఫ్టయితే రాత్రంతా అదే చప్పుడు. నా చిన్నప్పుడు జోలపాట అంటే అదే.

ఆ ఏడు బాపు నడుము దెబ్బతిని, డాక్టర్లు అన్‌ఫిట్ అని తేల్చారు. కంపెనీ రూలు ప్రకారం ఆయన బదులు ఉద్యోగం నాకు రావాలి. ఆర్డరు కోసం ఎదురుచూస్తున్నాం. బాపు ఇంటిపట్టున ఉండడం మొదలుపెట్టగానే అమ్మ మిషన్ మీద దుప్పటి కప్పేసింది. ఎండలు ముదిరేసరికి ఏకంగా అమ్మేస్తానంది.

"ఎందుకమ్మా?"

"మీ బాపు ఇంట్లనే ఉన్నడు గదనే. ఇంక మిషనెందుకు?"

ఇదేం లెక్క? బాపు నడుముకూ మిషన్‌కూ ఏం సంబంధం? నాకు అర్థం కాలేదు. అప్పుడు నేను డిగ్రీ పూర్తిచేసిన మేధావిని కదా, అర్థం కాకపోతే అడిగే అలవాటు లేదు.

గోలేటి నుంచి బదిలీ మీద మా వెనక లైన్లోకి వచ్చిన వనజక్క తన కోడలికి మిషన్ కావాలంది. గురువారం మధ్యాహ్నం వచ్చి, చూసి, తీసుకెళ్తానంది. ఆ చప్పుడు ఆగినప్పటి నుంచి మా ఇల్లు నాకు ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చినట్టు ఉంటోంది. ఆ ముక్కే అమ్మతో అంటే సరిపోయేది. అనలేదు. దాని బదులు నా నోటి నుంచి ఇది ఊడిపడింది.

"ఎవలకియ్యద్దు! నేను కుడత."

అమ్మ బియ్యం ఏరుతున్నదల్లా తలెత్తింది. "నువ్వా? గుండీ ఊడితె పిన్నీసు పెట్టుకునేదానివి."

"ఎండకాలం గౌను కుట్టుకుంట. గురువారం వనజక్క వచ్చేవరకు తొడుక్కొని చూపిస్త. మంచిగుంటె మిషన్ ఇంట్లనే ఉండాలె."

"మంచిగ లేకుంటె?"

"అప్పుడు నీ ఇష్టం."

"కుట్టనియ్యే! ఇల్లేం కాలిపోదు!" అని మంచం మీంచి బాపు అరిచాడు. కోపమేం లేదు. బాయిలో డ్రిల్లింగు మిషన్ పక్కన పనిచేసి ఆయన చెవులు మందగించాయి. ఉప్పు అడిగినా అలాగే అడుగుతాడు.

చౌరస్తా దగ్గరి దుకాణంలో పల్చటి తెల్ల కాటన్ తెచ్చాను, చిన్న చిన్న నీలం పూలది. ఎదురింటి లచ్చక్క దాన్ని రెండు వేళ్ళతో పట్టుకొని చూసింది. "మన ఊళ్ళె తెల్లబట్టనా? పొద్దుగాల ఆరేస్తె పొద్దుమీకి బొగ్గుసంచి లెక్కయితది బిడ్డా." నేను విననట్టు నటించాను. అది మా ఇంట్లో అందరికీ వచ్చిన విద్యే.

ఫోన్లో వీడియో పెట్టుకున్నాను. అందులో అమ్మాయి ప్రతి మాటకూ "చాలా ఈజీ" అంటుంది. అమ్మను మాత్రం ఒక్క మాట అడగకూడదని నా పంతం. అమ్మ వంటింటి గడపలో నిలబడి రెండుసార్లు నోరు తెరిచింది, రెండుసార్లూ మూసేసుకుంది. పందెం పందెమే కదా.

కొలతలు తీసుకున్నాను. టేపు మెడ చుట్టూ చుట్టి, ఊపిరాడుతోందో లేదో చూసుకొని, అదే మెడ కొలత అని ఖాయం చేశాను. మెడ కొలత అంటే మెడదే కదా! గౌను వేసుకోవాలంటే ముందు తల దూరాలనీ, మెడకు పైన తల అనే పెద్ద వస్తువు ఒకటుంటుందనీ నాకు తోచలేదు. అప్పటికి దాన్ని నేను పెద్దగా వాడిందీ లేదు. వెనక జిప్పు లేదు, ముందు గుండీలు లేవు. చేతుల కొలత కూడా చర్మానికి అంటుకునేలా తీశాను, ఫ్యాషన్ అని.

బాపు నడుము చూపించుకోవడానికి ఆస్పత్రికి పోయిన పూట కూర్చొని కుట్టేశాను. ఆ కుట్టు సంగతి మరీ ఘనం. కింది దారం చుట్టే బాబిన్ తిరగేసి పెట్టానట, తర్వాత తెలిసింది. పైనుంచి చూస్తే బాగానే ఉంది. తిప్పి చూస్తే దారం ఉచ్చులు ఉచ్చులుగా వేలాడుతోంది. లోపలివైపు ఎవరు చూస్తారులే అనుకున్నాను.

గురువారం వచ్చింది. బాపు మంచం మీద గురకపెడుతున్నాడు. అమ్మ బయట వేపచెట్టు కింద వనజక్కతో మాట్లాడుతోంది. నేను లోపలి గదిలో గౌను తలమీంచి వేసుకున్నాను. చేతులు మోచేతుల దాకా పోయి ఆగాయి. తల మెడ దగ్గరికి పోయి ఆగింది. కిందికి లాగుదామంటే చేతులు పైన ఇరుక్కున్నాయి. పైకి లాగుదామంటే లాగడానికీ ఆ చేతులే కావాలి. (లోపల పాత టీషర్టు, పైజామా ఉన్నాయి. మీరేం కంగారు పడకండి.) తెల్లబట్టలోంచి నాకు వెలుగు తప్ప ఏమీ కనిపించడం లేదు.

సరిగ్గా అప్పుడే సైరన్ మోగింది.

మా కాలనీకి అవతల పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్ గని ఉంది. మధ్యాహ్నం అక్కడ బ్లాస్టింగుకు ముందు సైరన్ మోగుతుంది. ఒకసారి ఎవరింట్లోనో అటక మీది ఇత్తడి బిందె ఆ అదురుకు జారి పడ్డదట. అప్పటి నుంచి సైరన్ వినగానే లైనంతా బయటికొచ్చి చెట్ల కింద నిలబడడం అలవాటైపోయింది. ఇప్పుడు భయంకన్నా కబుర్ల కోసమే వస్తారు. ఒక్క బాపు రాడు. "ఉద్యోగమంతా గా సప్పుళ్ళనే చేసిన, ఇంక బయటికొచ్చి ఇనాల్నా?" అని పడుకుంటాడు. నాకైతే నడక వచ్చినప్పటి నుంచీ కాళ్ళకు అదే పాఠం. సైరన్ మోగితే నన్ను అడక్కుండానే అవి బయటికి నడుస్తాయి.

నడిచాయి. బకెట్టును తన్నాయి, గడప దాటాయి. తలమీద గౌనుతో, ఎత్తిన చేతులతో, లైనంతా చేరిన చెట్టు కిందికి వచ్చి నిలబడ్డాను.

"ఓయమ్మో! గదేందే?" లచ్చక్క గొంతు.

"నేనే లచ్చక్కా, శైలుని!"

"మరి మొకమేది?"

"లోపలున్నది!"

"ఎవలకు లొంగిపోతున్నవ్ బిడ్డా?" ఇది ఓదెలు కాక. "చేతులు దించు, ఈడ పోలీసులెవలూ లేరు!"

లైనంతా పగలబడి నవ్వింది. నేను తిరిగి ఇంట్లోకి పోదామని నాలుగడుగులు వేసి, ఓదెలు కాక సైకిల్ను గుద్దుకున్నాను. సైకిల్ పడింది. నవ్వు ఇంకా పెరిగింది.

అప్పుడు భూమి కదిలింది.

చిన్నప్పుడు బ్లాస్టింగు అదురు వస్తే అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకునేది. ఆ రోజు పట్టుకోవడానికి చెయ్యి అందుబాటులో లేదు. ఎవరో వచ్చి నా నడుము పట్టుకున్నారు. "ఏం గాదు బిడ్డా, ఏం గాదు" అని వినిపించింది. ఎప్పుడూ అనే మాటే, ఎప్పుడూ అనే గొంతే. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ బట్టలో నేను కాసేపు రెండూ చేశాను. ఎవరికీ కనిపించలేదు కాబట్టి ఫికర్ లేదు.

అమ్మ కత్తెర తెచ్చి మెడ చీల్చింది, చేతుల దగ్గర కుట్లు విప్పింది. తల బయటికొచ్చింది. నా ముఖం చూసి అమ్మ నవ్వడం మొదలుపెట్టింది. బాపు నడుము దెబ్బతిన్న తర్వాత అమ్మ అలా నవ్వగా చూడలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "తొడుక్కొని చూపిస్తనంటివి, చూపించినవ్. వనజక్కా, ఇగ మిషన్ నీదే" అంది.

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. ఓడిపోయాను. లైన్ ముందు పోయిన పరువుకన్నా అదే ఎక్కువ నొప్పి.

కానీ వనజక్క కదల్లేదు. చీలిన గౌనును తిరగేసి, లోపలివైపు చూస్తోంది.

"ఆగక్కా. గిది గా మిషన్ మీద కుట్టిందేనా?"

"అవునక్కా" అన్నాను, కుట్టినందుకు కాస్త గర్వంగానే.

"గిట్ల ఉచ్చులు పడ్డయేంది? మిషన్ ఖరాబున్నది. నాకద్దు తల్లీ."

అమ్మ ముఖం మారిపోయింది. "ఏందీ? నా మిషన్ ఖరాబున్నదా? ఖరాబున్నది మిషన్ గాదు, నా బిడ్డ! రా, లోపలికి రా, చూపిస్త!"

చూశారా, అమ్మకు ఎవరి పరువు ముఖ్యమో. మేం ముగ్గురం లోపలికి వెళ్ళాం. అమ్మ బాబిన్ తీసింది, నావైపు ఒక్క చూపు చూసింది, సరిగ్గా తిప్పి పెట్టింది. నా గౌను చెయ్యి ముక్క ఒకటి సూది కింద పెట్టి పాదం ఆడించింది. ఆ చప్పుడు మళ్ళీ ఇంట్లోకి వచ్చింది. ముక్క అయిపోయినా అమ్మ ఆగలేదు. ఇంకో ముక్క తీసుకుంది. అదీ అయిపోయింది, ఇంకోటి తీసుకుంది.

బ్లాస్టింగుకు లేవని బాపు ఆ చప్పుడుకు లేచి కూర్చున్నాడు.

"ఏందే గా సప్పుడు?"

"మిషన్ బాపూ."

"గిదా? నేను ఇంట్లున్నప్పుడు ఎన్నడు ఇననేలే! నువ్వెన్నడు కుట్టకపోతివి గదనే?"

అమ్మ తలెత్తలేదు. "నువ్వు ఇంట్లుంటె నాకేం ఫికరున్నది? నువ్వు బాయిల దిగితెనే చేతులు ఊకుండకపోయేటియి. మళ్ళ పైకొచ్చేదాక ఏదో ఒకటి చెయ్యాలె గదా."

లైనంతటి జాకెట్లు ఎందుకు కుట్టిందో నాకు అప్పుడు తెలిసింది. నా జోలపాట అమ్మ భయమని తెలిసింది. సిగ్గేసింది. బాపు మిషన్ వైపు జరిగి కూర్చున్నాడు. తర్వాత, నా జీవితంలో మొదటిసారి, మెల్లగా మాట్లాడాడు. "చెప్పద్దా మరి" అన్నాడు.

వనజక్క కుట్టును వేలితో తడిమి చూసింది. "మిషన్ మంచిగున్నదక్కా. తీస్కపోదునా?"

"ఇయ్య."

"గదేంది! ఇప్పుడే ఇస్తనంటివి?"

"ఇది డ్యూటీకి పోతది గదా" అని అమ్మ నన్ను చూపించింది. ఆ సంగతి తనకే అప్పుడు తోచినట్టు ఒక క్షణం ఆగింది. "ఇది పోతె నేను చేతులు ముడుచుకొని కూసోవాల్నా?"

"నాది పైన పనే గదమ్మా, బాయిల దిగను" అన్నాను.

"పైనైతేంది!" అంది అమ్మ. పాదం మళ్ళీ ఆడింది.

అలా నేను ఓడిపోయి గెలిచాను. ఆర్డరు వచ్చింది, డ్యూటీలో చేరాను. నా గౌను ఇప్పుడు బాపు తలదిండుకు గలీబు. దిండు అందులో హాయిగా దూరింది, కుట్టింది అమ్మ కాబట్టి. షిఫ్టు అయ్యాక లైను మలుపు తిరిగేసరికి మిషన్ చప్పుడు వినిపిస్తుంది. నేను గుమ్మం దగ్గర చెప్పులు విడవగానే ఆగిపోతుంది.

"ఆపినవేందమ్మా?"

"దారం అయిపోయింది."

రోజూ సరిగ్గా నేనొచ్చేసరికే దారం అయిపోతుంది.

కాబట్టి చదువరులారా, టేపు మీద, కత్తెర మీద, లైనంతా చూసిన నా ఎత్తిన రెండు చేతుల మీద ఒట్టేసి చెప్తున్నాను. ఈ జన్మలో మళ్ళీ బట్ట కత్తిరించను, మిషన్ ముట్టను, మెడ కొలిచి తల మరవను. షిఫ్టు అయ్యాక ఎక్కడా ఆగకుండా జల్ది ఇంటికొస్తాను. ఆలస్యమైతే అమ్మకు దారం ఊరికే ఖర్చయిపోతుంది.