ఇజెన్ నీలి మంటకు తార్నాక మీదుగా

మా ఆయన పేరు శ్రీశైలం. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఇరవై ఏళ్ళకు పైగా వెల్డర్‌గా పనిచేశారు. రెండేళ్ళ కిందట చిన్ననాటి ఉబ్బసం తిరగబెట్టడంతో నిప్పు పని మాన్పించి స్టోర్స్‌లో వేశారు. జీతం తగ్గలేదు, కూర్చోవడానికి కుర్చీ వచ్చింది. కానీ ఇంటికొచ్చి వర్క్‌షాపు కబుర్లు చెప్పడం మాత్రం ఆగిపోయింది. అలాంటి మనిషి ఒక ఆదివారం ఫోన్‌లో వీడియో చూస్తూ నన్ను వంటింట్లోంచి పిలిచారు. ఇండోనేషియాలో జావా ద్వీపం తూర్పు కొసన ఇజెన్ అనే అగ్నిపర్వతం ఉంది. దాని బిలంలో రాళ్ళ సందుల్లోంచి వచ్చే గంధకపు ఆవిరి గాలి తగలగానే అంటుకుని, చీకట్లో నీలంగా మండుతుంది. "సిలిండర్ లేదు, పైపు లేదు, పట్టుకునే మనిషి లేడు. మంట చూడు ఎంత సాఫ్‌గ ఉన్నదో," అన్నారు. ఫోన్ నా చేతికిచ్చి, "పోదామా ఉమా?" అన్నారు. పెళ్ళయ్యాక ఆయన ఫలానా చోటికి వెళ్దామని తనంతట తాను అడగడం అదే మొదలు.

నేను బౌద్ధనగర్‌లో ఒక బడిలో సైన్సు చెబుతాను. అగ్నిపర్వతం పాఠం ఏటా చెప్పేదే కానీ, వెళ్ళి చూడాలని నాకెప్పుడూ అనిపించలేదు. ఆయన కోసం సరేనన్నాను. దారి వెతికితే అంత కష్టంగా కనబడలేదు. హైదరాబాద్ నుంచి సింగపూర్ మీదుగానో, కౌలాలంపూర్ మీదుగానో సురబాయకు విమానం, అక్కడి నుంచి బన్యువాంగికి ఆరేడు గంటల రైలు. వానలుండవు కాబట్టి మే నుంచి సెప్టెంబరు దాకా మంచి కాలం. ఖర్చు ఇద్దరికీ లక్షన్నర దాటేలా ఉంది. టికెట్లు కొనేముందు రెండు పనులు పెట్టుకున్నాం. తార్నాక పక్కనున్న యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం చెప్పే విజయ మేడంని కలవాలి. ఆమె మా పక్క క్వార్టర్ వాళ్ళ ఆడపడుచు. తర్వాత తార్నాకలో ఛాతీ డాక్టరుకు చూపించుకోవాలి. కొండెక్కేవాళ్ళు ఆరోగ్య ధ్రువపత్రం చూపించాలని అక్కడి నియమం.

శనివారం పొద్దున్నే లాలాగూడ నుంచి ఆటోలో తార్నాక చేరి, క్యాంపస్‌లోకి నడిచాం. మేడం పదింటికి రమ్మన్నారు. ఆలోగా నడక సాధన చేద్దామని రాణీగంజ్‌లో కొన్న గ్యాస్ మాస్కులు తగిలించుకున్నాం. ఇజెన్ మీద పైకి మూడు కిలోమీటర్ల ఎక్కుడు, ఆపైన బిలంలోకి రాళ్ళ మీదుగా దిగుడు. మన క్యాంపస్‌లో అంత కొండ లేదు గానీ, చెట్ల నీడన ఎత్తుపల్లాల రోడ్లు బోలెడు. పొద్దుటి నడకకు వచ్చినవాళ్ళు మమ్మల్ని చూసి పక్కకు తప్పుకున్నారు. ఒక సెక్యూరిటీ ఆయన బైక్ ఆపి, ల్యాబులో ఏమన్నా లీకైందా అని అడిగారు. మా ఆయన మాస్కు తీసి, అగ్నిపర్వతం కాడికి పోయేదున్నది, ప్రాక్టీస్ చేస్తున్నమని ఎంతో మామూలుగా చెప్పారు. ఆ సెక్యూరిటీ ఆయన కాసేపు ఆలోచించి, రోడ్డుకు ఎడమ పక్కన నడవమని చెప్పి వెళ్ళిపోయారు.

రెండో ఎత్తు దగ్గర మా ఆయన బూటు లేసు కట్టుకోవడానికి ఆగారు. మూడో ఎత్తు దగ్గర ఆగి, దూరంగా కనబడే పాత రాతి భవనాన్ని మెచ్చుకున్నారు. మాస్కు లోపలి నుంచి ఈల లాంటి శబ్దం నాకు వినబడుతూనే ఉంది. జేబులో ఇన్‌హేలర్ మీద చెయ్యి వేసి ఉంచారు కానీ, నా ముందు తీయలేదు. నేనూ అడగలేదు.

విజయ మేడం గదిలో కుర్చీల మీద కూడా రాళ్ళే. వాటిని కింద పెట్టి మమ్మల్ని కూర్చోబెట్టారు. హైదరాబాద్ బండలు కూడా ఒకప్పుడు భూమి లోపల కరిగి ఉన్న రాయేనని, బయటికి రాకుండా లోపలే చల్లారిందని చెప్పారు. వికారాబాద్ వైపు నుంచి తెచ్చిన ఒక నల్లరాయి నా చేతిలో పెట్టారు. అది పారిన లావా. దాన్నిండా గాలిబుడగల చిన్న చిన్న గుంటలు. ఏటా బోర్డు మీద ఎర్ర సుద్దతో కొండ గీసి, పైన పొగ గీసి, పిల్లలకు మార్కులు వేసిన దాన్ని నేను. ఆ గుంటల్లో వేలు పెడితే ఒళ్ళు ఝల్లుమంది. ఆ రాయి తిరిగి ఇవ్వబుద్ధి కాలేదు.

తర్వాత మేడం గంధకం సంగతికి వచ్చారు. ఆ పొగ గొంతులో తడికి తగిలితే ఆమ్లంగా మారుతుందట. దుమ్ము మాస్కులు అక్కడ పనికిరావు, గ్యాసును ఆపే డబ్బా ఉన్నవే కావాలి. అవి పెట్టుకున్నా గాలి మన వైపు తిరిగితే వెంటనే పైకి వచ్చెయ్యాలి. అంతా చెప్పి, "మీ ఇద్దరిలో ఎవరికైనా ఆస్తమా ఉందా?" అని అడిగారు.

"లేదు మేడం. అప్పుడప్పుడు దగ్గు వస్తది, గంతే," అన్నారు మా ఆయన.

నేను చేతిలోని రాయి వంకే చూస్తూ, "ఉందండీ. రోజూ రెండు పూటలా ఇన్‌హేలర్ వాడుతున్నారు," అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. మేడం కోప్పడలేదు. ఆస్తమా ఉన్నవాళ్ళకు ఆ పొగ కొంచెం తగిలినా ఊపిరితిత్తులు బిగుసుకుంటాయని, బిలం అడుగు నుంచి మనిషిని మోసుకురావడం తేలిక కాదని చెప్పారు. ఇజెన్ బదులు, కొన్ని గంటల దూరంలో ఉన్న బ్రోమో అనే మరో అగ్నిపర్వతాన్ని ఎదుటి గట్టు మీద నుంచి చూడొచ్చన్నారు. దానికైనా డాక్టరు మాట వినే వెళ్ళమన్నారు.

క్యాంటీన్‌లో పెరుగన్నం తిన్నాం. తార్నాక క్లినిక్‌లో గొట్టంలోకి గట్టిగా ఊదే పరీక్ష చేశారు. ఆయన మూడుసార్లు ఊదారు. మూడోసారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. డాక్టరమ్మ కాగితం చూసి ఇజెన్‌కు ధ్రువపత్రం ఇవ్వనన్నారు. ఎదుటి గట్టు మీద నుంచి బ్రోమో చూడటానికి, గాలి పొగను అటువైపు తీసుకెళ్తున్నప్పుడైతే, అభ్యంతరం లేదన్నారు. తర్వాత నన్నూ ఊదమన్నారు. నాకేమీ లేదు, కావాలంటే ఇప్పుడే రాసిస్తానన్నారు.

మెట్రో స్టేషన్ దగ్గర హోటల్లో చాయ్ చెప్పి కూర్చున్నాం. మొత్తం ప్రయాణమే వద్దంటారని నేను ఎదురుచూశాను. ఆయన చాయ్ సగం తాగి, "ఆడ వర్క్‌షాపుల తీసేసిన్రు. ఈడ గూడ తీసేసిన్రు," అన్నారు. ఓదార్చాల్సిన సమయంలో నిజం చెప్పేశాను.

"మీరు రాలేకపోయినా నాకు వెళ్ళాలనుందండీ. పొద్దుటి దాకా లేదు. ఆ రాయి పట్టుకున్నప్పటి నుంచీ ఉంది."

అలా అన్నందుకు నాకే సిగ్గేసింది. ఆయన నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశారు. ఎందుకో చిన్నగా నవ్వొచ్చింది ఆయనకు. కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"పో మరి. నేను కింద ఊర్ల ఉంట. గాని మంట కొన చూడకు, అందరు గదే చూస్తరు. అడుగు చూడు. రాయి కాడ రంగు ఉండదు, కొంచెం పైకెళ్ళి నీలం మొదలైతది. ఆ మొదలయ్యే కాడ చూసి, వచ్చి నాకు చెప్పు."

రెండో చాయ్ అయ్యేదాకా వెల్డింగ్ మంటలో ఎన్ని రంగులుంటాయో, ఏ రంగు ఎందుకు వస్తుందో ఆయన చెబుతూనే ఉన్నారు. రెండేళ్ళ తర్వాత ఆయన నోట వర్క్‌షాపు కబుర్లు విన్నాను.

ఆగస్టుకు టికెట్లు తీసుకున్నాం. బ్రోమో ఇద్దరం కలిసి చూస్తాం. ఇజెన్‌కు గైడ్‌తో నేను వెళ్తాను, ఆయన బన్యువాంగిలో ఆగుతారు. బిలంలోకి దిగనిస్తారో లేదో ఆ రోజు కొండ పరిస్థితి బట్టి ఉంటుంది. దిగనివ్వకపోతే పై అంచు నుంచే చూసి వస్తాను. ప్రయాణమంటే ఇద్దరం ఒక్కచోట నిలబడి ఒక్కటే చూడటమని ఇన్నాళ్ళూ అనుకునేదాన్ని. ఈసారి ఒకరు చూసి వచ్చి, ఇంకొకరికి చెప్పాల్సిన ప్రయాణం. ఆయనకు తెలిసిన మంట గురించి ఆయనకే చెప్పాలి కాబట్టి, నేను బాగా చూడాలి.

అగ్నిపర్వతానికి వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క మాట: విమానం టికెట్ కన్నా ముందు ఛాతీ డాక్టరు దగ్గర ఊదే పరీక్ష చేయించుకోండి, అదీ మీతో వచ్చేవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని మరీ చేయించుకోండి.