సముద్రం ఎత్తుకెళ్లిన టెరిలిన్ ప్యాంటు

ఆ రోజుల్లో జంషెడ్‌పూర్‌లో సైకిలు లేని మగాణ్ణి మనిషి కింద లెక్కేసేవారు కాదు. పొద్దున్న ఉక్కు కంపెనీ సైరను, మా భాషలో భోంపూ, కూసిందంటే చాలు, బర్మామైన్స్ సందుల్లోంచి సైకిళ్లు బిలబిలమంటూ బయటపడి గేటు దాకా రోడ్డంతా నిండిపోయేవి. కేరియర్ మీద టిఫిన్ డబ్బా, ప్యాంటుకి క్లిప్పు, బుగ్గన ఖైనీ (నాకది పడేది కాదు, ఒకసారి సరదాకి వేసుకుని బిష్టుపూర్ నడిరోడ్డు మీద తల తిరిగి కూలబడ్డాను). అలాంటి ఊళ్లో పుట్టి పెరిగాను కాబట్టి, సైకిలు తొక్కడం వచ్చినవాడికి లోకంలో రానిదంటూ ఉండదని గట్టిగా నమ్మేవాణ్ణి. ఆ నమ్మకం నన్నెక్కడ దింపిందో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నవ్విన వెంటనే, పేరు కూడా తెలియని కొందరికి దణ్ణం పెట్టుకోవాలనిపిస్తుంది.

అప్పటికి నేను ఫిట్టరు పనిలో కొత్తగా కుదురుకున్నాను. మా అప్పని, అంటే అక్కని, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న ఊళ్లో ఇచ్చాం. తరవాత బావ కూడా పని వెతుక్కుంటూ మా ఊరే వచ్చేశాడు. అప్ప పెళ్లిలో నేనో ఘనకార్యం చేశాను. పనసపండు ఒలుస్తానని గొప్పకిపోయి, ముందు చేతులకి నూనె రాసుకోవాలని తెలియక, పది వేళ్లూ బంకతో అతుక్కుపోయి దిష్టిబొమ్మలా నిలబడ్డాను. బావ చిన్నాన్న కూతురట, ఓ అమ్మాయి నన్ను చూసి, "ఏటి, మీ టౌన్ల పనసపళ్లు కంపెనీవోలే వొలిసిత్తారా?" అని, నా అరచేతిలో కొబ్బరినూనె ఒంపి వెళ్లిపోయింది. ఆ నూనెకి బంకయితే వదిలింది గానీ, నన్ను ఆ పిల్ల వదల్లేదు. రెండేళ్లపాటు అప్ప చుట్టూ తిరిగి, అప్ప బావ చుట్టూ తిరిగి, చివరికి వేసవిలో ఒక గురువారం పెళ్లిచూపులు ఖాయం చేయించాం.

సరిగ్గా అప్పుడే రైళ్లు ఆగిపోయాయి. దేశమంతా సమ్మె. స్టేషన్ పట్టాల మీద మేకలు పడుకున్నాయి. "టెలిగ్రాం కొట్టీసి, ఇంకో రోజు ఎట్టుకుందావని సెప్పీద్దాం. కొంపలేటి మునిగిపోవు," అన్నాడు నాయిన. బావ తల అడ్డంగా ఊపాడు. "మునుగుతాయి మావా. ఆ పిల్ల మేనమామ ఇశాపట్నంల పోర్టు ఉజ్జోగం గుంటణ్ణి సూసి ఎట్టుకున్నాడు. ఈడు ఆ రోజుకి రాకపోతే ఆడిది కానిచ్చీడానికి కాసుకోనున్నాడు." నా గుండె జారి చెప్పుల్లోకి పడింది. "సైకిల్ మీద ఎల్తాను," అన్నాను. మా అమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చి నా నుదురు పట్టుకు చూసి, "ఓలమ్మో! ఈడికి బయల్దేరకముందే వడదెబ్బ కొట్టీసిందే!" అంది. బావ మాత్రం వెళ్లి తన సైకిలుకి గాలి కొట్టుకున్నాడు. ఇన్నేళ్లలో నాకోసం చాలామంది చాలా చేశారు గానీ, ఆ పంపు చప్పుడు లాంటిది మళ్లీ వినలేదు.

కేరియర్ మీద మూట, మూటలో నా ప్రాణం. అంటే, సాక్చీలో కుట్టించిన కొత్త టెరిలిన్ ప్యాంటు, తెల్ల చొక్కా, నల్ల బూట్లు. ఘాట్‌శిలా వైపు ఎర్రమట్టి దారుల్లో, సాల చెట్ల నీడలు వెతుక్కుంటూ తొక్కాం. ఒక సంతాల్ ముసలమ్మ మా వాలకం చూసి, అడక్కుండానే కడవెడు నీళ్లూ నాలుగు మామిడిపళ్లూ ఇచ్చింది. బహరాగోడా చేరేసరికి నా కాళ్లు నావి కావు. అక్కడ డాబాలో ఒక సర్దార్జీ లారీ డ్రైవరు మా కథంతా విని పొట్ట పట్టుకుని నవ్వాడు. "దుల్హా సైకిల్ పే? వాహ్ పుత్తర్!" (పెళ్లికొడుకు సైకిలు మీదా, శభాష్ కొడుకా) అంటూ మమ్మల్నీ సైకిళ్లనీ లారీలోని ఉల్లిపాయల బస్తాల మీదకి ఎక్కించి బరంపురం దాకా తెచ్చి వదిలాడు. (రెండు రోజులు ఉల్లిపాయల మీద పడుకున్నవాడి కళ్లు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. పెళ్లికొడుకు ఏడుస్తూ పోతున్నాడని బావ దారంతా ఏడిపించాడు.)

బరంపురం నుంచి మళ్లీ తొక్కుడు. అసలు అందమంతా అక్కడ మొదలైంది. ఇచ్చాపురం దాటగానే ఓ పక్క జీడితోటలు, ఓ పక్క కొబ్బరితోటలు, సందు దొరికిన చోటల్లా నీలంగా సముద్రం. ఫర్నేసు ఎరుపు చూసి పెరిగిన కళ్లకి ఆ నీలం ఎంత హాయి చేసిందో! హాయి కళ్లకే, కాళ్లకి కాదు. దక్షిణపు గాలి ఎదురుకొట్టి, తొక్కిన కొద్దీ సైకిలు వెనక్కే పోతున్నట్టుండేది. బావ నన్ను వెనకేసుకుని, "నా ఈపెనకాల దాక్కోరా. పెళ్లికొడుకువి నువ్వు, నాను కాదు," అనేవాడు. ఆయన వీపు తలుపంత ఉంటుంది. ఆ తలుపు చాటునే ఉద్దానంలోకి అడుగుపెట్టాను.

గురువారం పొద్దున్నే ఊరి పొలిమేరకి చేరాం. బావ నన్ను ఎగాదిగా చూసి, "ఈ మసిబొగ్గు మొకంతో ఎల్తే గుమ్మంకాడే ఆపీత్తారు. సముద్రంల తానం సేసి, మంచి బట్టలు కట్టుకోని రా. నాను ముందెల్లి నువ్వొచ్చినావని సెప్తాను. లోతుకెల్లకు, నీకు ఈత రాదు," అని జాగ్రత్తలన్నీ చెప్పి వెళ్లాడు. ఒక్కటి తప్ప. సముద్రం పక్కన పుట్టినవాడు కదా, అది చెప్పాల్సిన సంగతని ఆయనకి తోచనే లేదు.

మా ఊళ్లో మేం ఖర్‌కాయీ నదికి స్నానానికి వెళితే ఒక పద్ధతుండేది. బట్టలు నీటి పక్కనే ఇసకలో పెట్టి, గాలికి పోకుండా వాటి మీద సైకిలు పడుకోబెట్టేవాళ్లం. దొంగ వస్తే నీళ్లలోంచే కనిపిస్తాడు. అదే పద్ధతి ఇక్కడా చేశాను. తొడుక్కున్నవి ఉతికి పక్కనే ఆరేశాను. మోకాలి లోతులో కూర్చుని శుభ్రంగా ఒళ్లు తోముకుని, తువ్వాలు చుట్టుకుని, ఆరేదాకా కాసేపని పైన సరుగుడు చెట్ల కిందకి వెళ్లాను. చల్లటి గాలి. దారి అలసట. కళ్లు మూతపడ్డాయి.

లేచి చూద్దును కదా, బట్టలు పెట్టిన చోటు లేదు. నీళ్లే ఉన్నాయి. నీళ్లలోంచి సైకిలు హ్యాండిలూ గంటా మాత్రం పైకొచ్చి నన్నే చూస్తున్నాయి. నదికి వరదొస్తే పెరుగుతుందని తెలుసు గానీ, వాన చినుకు లేకుండా, ఏ గొడవా లేకుండా నీళ్లు లేచి మన దగ్గరికి నడిచొస్తాయని నాకెవరు చెప్పారు? ఒడ్డున చేపలు ఎండబెడుతున్న ఒకావిడ నన్ను చూసి, "ఏటి బాబూ, సైకిల్‌కీ తానం సేయిత్తన్నావా?" అంది. నేను ఏడుపు ఒక్కటే తక్కువగా, "బట్టలు... పెళ్లిచూపులు..." అన్నాను. "ఓర్నాయనో! పోటేల ఎట్టినావేటి బట్టలు!" అని నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, మొగుణ్ణి కేకేసింది. అతను నీళ్లలో దిగి సైకిల్ని లాక్కొచ్చాడు. ప్యాంటూ చొక్కా, బూట్లూ, ఉతికి ఆరేసినవీ మాత్రం అప్పటికే ఏ దేశం ప్రయాణం కట్టాయో! ఆవిడ ఇంట్లోకెళ్లి, అతని గళ్ల లుంగీ, మోచేతి దగ్గర మాసికేసిన నీలం చొక్కా తెచ్చి నా చేతిలో పెట్టింది. "పండక్కి కట్టుకున్నీవి. ఎల్లు బాబూ, ఆలీసమైపోతాది." ఉన్నవాటిలో మంచివే ఇచ్చింది మహాతల్లి.

ఎండుచేపల వాసనతో, తడి సైకిలు నడిపించుకుంటూ, చెప్పుల్లేని కాళ్లతో పిల్ల వాళ్ల వాకిట్లోకి అడుగుపెట్టాను. అరుగు నిండా జనం. బావ నన్ను చూసి, వెంటనే తల తిప్పేసుకున్నాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను. అబద్ధమాడేంత ఓపిక లేదు. మేనమామ తొడ చరుచుకుని పకపకా నవ్వి, పిల్ల తండ్రి వైపు తిరిగాడు. "బావా, సముద్రానికి పోటొత్తాదని కూడా తెల్దు ఈడికి! ఈడికా పిల్లనిత్తావు? నా పోర్టు గుంటడైతే..."

పిల్ల తండ్రి నా లుంగీ వైపే చూస్తున్నాడు. అయిపోయిందనుకున్నాను. ఇంత దూరం నన్ను మోసుకొచ్చిన బావ వీపు గుర్తొచ్చి, సైకిలు హ్యాండిలు గట్టిగా పట్టుకున్నాను. అప్పుడు తలుపు చాటు నుంచి ఒక గొంతు, కాస్త వణికినా గట్టిగానే వినిపించింది.

"మావా, నీ పోర్టు గుంటడు పోయిన బేస్తారం వొత్తానన్నాడు గదా. ఏటి, వొచ్చినాడా?"

మేనమామ గతుక్కుమన్నాడు. "రైళ్లు నేవు గదే! ఎలాగొత్తాడు?"

"అదే అడుగుతన్నాను," అంది ఆ గొంతు.

అరుగు మీద పిల్ల తండ్రే ముందు నవ్వాడు. కాసేపటికి ఆమె పళ్లెం తెచ్చి నా ముందు పెట్టింది. పనసతొనలు, గింజలు కూడా తీసేసినవి. "వొలిసినవే. తినండి," అంది, తల ఎత్తకుండా. పళ్లెంలో ఒక్క తొన కూడా మిగల్చలేదు.

పెళ్లయ్యాక మొదట చేసిన పని, కొత్త లుంగీ, కొత్త చొక్కా పట్టుకుని ఇద్దరం ఆ చేపలావిడ ఇంటికి వెళ్లడం. ఉద్దానం వెళ్లినప్పుడల్లా అదే అలవాటైంది. ఇప్పుడు ఆ గుడిసెలో ఆవిడ కోడలుంటోంది, లుంగీ మానేసి చీర పట్టుకెళుతున్నాం. కిందటి సారి వెళ్లినప్పుడు సాయంత్రం ఒడ్డున కూర్చుందామన్నాను. నేను అలవాటు చొప్పున చెప్పులు విప్పి, ఎక్కడో సరుగుడు చెట్ల దాకా నడిచి, అక్కడ పెట్టొచ్చాను. మా ఆవిడ చూస్తూ ఊరుకోలేదు. మోకాళ్ల నొప్పులతోనే లేచి వెళ్లి వాటిని తెచ్చి, నీటి అంచున, తన చెప్పుల పక్కన పెట్టింది. "ఉండనీ, సూద్దాం," అని నా పక్కన చతికిలబడింది. పోటు మొదలైనట్టే ఉంది. చెప్పులు కొత్తవి. అయినా నేను లేవలేదు.