కరస్పాండెంట్ గారి తొమ్మిదో ఛానల్

2007 వర్షాకాలంలో తెనాలిలో ఒక చిన్న నెట్‌వర్కింగ్ సంస్థలో సైట్ ఇంజనీరుగా పనిచేసేదాన్ని. పేరుకు ఇంజనీరునే గానీ వరసలో అందరికన్నా కింద. నా పైన సీనియర్ టెక్నీషియన్, ఆయన పైన మేనేజరు. పాప పుట్టాక ఆ ఉద్యోగం మానేశాను. ఆ పని ఎలా ఉంటుందని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి, పాప పడుకున్నప్పుడు ఇది రాస్తున్నాను.

బాపట్ల దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీకి వెళ్లమన్నారు మేనేజరు. మర్నాడు హైదరాబాదు నుంచి ఒక కంపెనీ వాళ్లు వచ్చి, ఉద్యోగాల కోసం ఆన్‌లైన్ పరీక్ష పెట్టబోతున్నారు. ల్యాబులు చాలక సెమినార్ హాలులో అద్దె ల్యాప్‌టాప్‌లు వేశారు. మాదిరి పరీక్ష పెడితే సగం మందికి పేజీయే తెరుచుకోలేదు. సాయంత్రానికి సరికాకపోతే పరీక్షను గుంటూరులో వేరే కాలేజీకి మారుస్తామని కంపెనీ వాళ్లు ఫోనులో చెప్పేశారు. అదే జరిగితే అక్కడి పిల్లల తర్వాతే వీళ్లకు చోటు.

హాలులో ఆరు యాక్సెస్ పాయింట్లున్నాయి. వైరులో వచ్చే ఇంటర్నెట్‌ను గాలిలోకి పంపే పెట్టెలవి. వాటిని బిగించింది మా సీనియర్ టెక్నీషియన్ కోటేశ్వరరావు గారే. రేపల్లె మనిషి. కోటన్నా అని పిలిచేదాన్ని. ఆయనా నాతో వచ్చారు.

ల్యాప్‌టాప్‌లో స్కానింగ్ ప్రోగ్రాం తెరిచి హాలంతా మెల్లగా నడిచాను. ఏ పెట్టె ఏ ఛానల్‌లో, ఎంత బలంగా వినిపిస్తోందో అది చూపిస్తుంది. ఆరు పెట్టెలూ తొమ్మిదో ఛానల్‌లోనే ఉన్నాయి. పక్క హాస్టల్‌వి ఆరులోనూ, ఎదురు భవనంలోవి పదకొండులోనూ ఉన్నాయి.

"అన్నీ తొమ్మిదేంటి కోటన్నా?"

"ఈ కాలేజీ నడిపే కరస్పాండెంట్ గారు అడిగారు అమ్మాయ్. ఆయన కారు నంబరు కూడితే తొమ్మిది, సెల్లు కూడితే తొమ్మిది. దీన్ని మాత్రం వదుల్తారా?"

"మీరు పెట్టేశారా?"

"పెట్టి ఒక ల్యాప్‌టాప్‌తో చూశాగా. గుర్రంలా పరిగెత్తింది!"

ఒక్క ల్యాప్‌టాప్‌తో చూస్తే ఏ ఛానలైనా పరిగెత్తుతుంది. ఒకే ఛానల్‌లో ఉన్న పెట్టెల్లో ఒకటి మాట్లాడుతుంటే మిగతావి ఆగాలి. అంటే ఆరు పెట్టెలున్నా జరిగేది ఇంచుమించు ఒక పెట్టె పనే. పైగా ఇవి టీవీ ఛానళ్లలా విడివిడిగా ఉండవు. పక్కపక్క అంకెలు ఒకదాని మీదికి ఒకటి పాకి ఉంటాయి. ఆరులోనూ పదకొండులోనూ జరిగే మాటలు తొమ్మిదికి వట్టి రొదగా చేరతాయి. ఒకదాన్నొకటి తాకకుండా వాడుకోగలిగినవి మూడే: ఒకటి, ఆరు, పదకొండు.

మార్చడం చిటికెలో పని. కానీ కరస్పాండెంట్ గారు హాలులోనే కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు.

"తొమ్మిది తప్ప ఏదన్నా మార్చుకోమ్మా. పిల్లల ఉద్యోగాల సంగతి కదా. వాళ్ల మంచికేగా నేను పెట్టించింది?"

ఆయన నిజంగానే అలా నమ్మారు. ఇక నోటితో చెప్పలేక బోర్డు మీద హాలు బొమ్మ గీశాను. ముందు వరసలో ఒకటి, ఆరు, పదకొండు. వెనక వరసలో పదకొండు, ఒకటి, ఆరు. ఒకే అంకె ఉన్న రెండు పెట్టెలు పక్కపక్కన రాకూడదని చెబుతూనే ఉన్నాను, ఆయన నా మాట వినడం మానేసి వేళ్ల మీద ఏదో కూడుతున్నారు.

"మొత్తం ముప్పై ఆరు," అన్నారు. "మూడూ ఆరూ ఎంత?"

"తొమ్మిదండి," అన్నారు కోటన్న.

"మరి ఇంతసేపూ ఈ మాట చెప్పవేంటమ్మా? ఊరికే కంగారు పెట్టేశావు!"

ఒట్టు, ఆ లెక్క నాకు తట్టనే లేదు. కోటన్న మాత్రం, "మా అమ్మాయి అన్నీ చూసే వేస్తుందండి," అని నిచ్చెన తెచ్చుకోవడానికి వెళ్లిపోయారు. ఆ భుజాలు ఊగడం చూస్తే నవ్వాపుకుంటున్నారని తెలుస్తోంది.

ఛానళ్లు మార్చాక పెట్టెల పవర్ తగ్గించాను. ఒకే హాలులో అన్నీ గొంతు చించుకుంటే, దూరంగా ఉన్నా ఒకే ఛానల్ పెట్టెలు ఒకదాన్నొకటి ఆపేస్తాయి. తర్వాత పిల్లలందర్నీ కూర్చోబెట్టి ఒకేసారి పేజీ తెరవమన్నాను. తెరుచుకుంది. హాలంతా ఈలలు, చప్పట్లు. నాకు నమ్మకం కుదరక మళ్లీ తెరిపించాను, మళ్లీ మళ్లీ తెరిపించాను.

"అక్కా, ఇంకోసారంటే మా రేపల్లె బస్సు వెళ్లిపోద్ది," అంది ముందు వరసలో అమ్మాయి.

"పరీక్ష రాసేది మేమా, ఆవిడా?" అంది వెనక నుంచి ఇంకో గొంతు. అందరితో పాటు నేనూ నవ్వాను.

కంపెనీ వాళ్లకు ఫోను చేసి చెప్పాం. మర్నాడు పరీక్ష ఆ హాలులోనే జరిగింది. చివరి పిల్ల జవాబులు పంపేసి లేచేదాకా ఒక్క పేజీ కూడా ఆగలేదు.

ఆ తర్వాత నేను చేసిన ఏ సైటులోనూ ఒక్క ల్యాప్‌టాప్‌తో చూసి పని అయిందని చెప్పలేదు. జనం కోసం వేసిన నెట్‌వర్కును జనాన్ని కూర్చోబెట్టే పరీక్షించాలి. ఛానల్ అంకె మార్చేముందు దాన్ని ఎవరు ఎంచుకున్నారో, ఎందుకు ఎంచుకున్నారో అడగాలి. ఈ రెండోది ఏ ప్రోగ్రామూ చూపించదు.