గడప వైపు తిరిగి నమిలిన పాప

పసిపిల్లలకు ముద్ద ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎలా పెట్టాలో పుస్తకాల్లో ఉంది. హిందూపురం గ్రంథాలయం నుంచి తెచ్చుకుని వాటిని చదివినదాన్ని. ఆ మాట కాస్త గర్వంగానే చెప్పుకుంటాను. కానీ మా పాప నమలడం ఎవరి దగ్గర నేర్చుకుందో ఏ పుస్తకంలోనూ లేదు. చూసినవాళ్లం ఇద్దరమే. అందులో మా అత్త ఇప్పుడు లేదు. నేను కూడా మరిచిపోతే అది జరగనట్టే అవుతుంది. అందుకే రాస్తున్నాను.

తొంభైల చివర్లో మేము పెనుకొండలో అత్త ఇంట్లోనే ఉండేవాళ్లం. మా ఆయన ఉద్యోగం ధర్మవరంలో. పొద్దున రైలుకు పోతే చీకటిపడ్డాకే రావడం. పగలంతా అత్త, నేను, పాప. పాపకు తొమ్మిదో నెల నడుస్తున్నా అత్త రాగి జావ తప్ప ఏమీ పెట్టనిచ్చేది కాదు. ఆ జావను కూడా పాత పంచెగుడ్డలో వడకట్టేది. చిన్న ఉండ కనిపించినా మొత్తం పారబోసేది. అంగన్‌వాడీలో తూకం వేస్తే పాప బరువు పెరగడం లేదు.

"అన్నం మెత్తగా పిసికి పెడదాం అత్తా. ఇప్పుడు అలవాటు చేయకపోతే రేపు ముద్దంటేనే కక్కుకుంటాదంట."

"ఎవరు చెప్పిరి?"

"పుస్తకంలో ఉండాది."

"అట్లయితే ఆ పుస్తకానికే పెట్టు. నా మనవరాలికి వద్దు."

ఆమె భయం నాకు తెలుసు. ఆమె మొదటి బిడ్డ, మా ఆయనకు అన్న, ఈ వయసులోనే గొంతులో ముద్ద అడ్డుపడి పోయాడు. వంటింటి గడప దగ్గరే. అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం మేము తినే ముందు ఆమె ఆ గడప మీద గోలీకాయంత సంగటి ముద్ద పెట్టేది. "వాడు తిన్నాక మనం" అనేది. సాయంత్రానికి అది ఉండేది కాదు. ఉడుతో, చీమలో అనుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం జావ తాగిన పాప గడప వైపు తిరిగి దవడలు ఆడించసాగింది. నోట్లో వేలు పెట్టి చూశాను. ఏమీ లేదు. ఎడమ పక్కకు నెట్టుకోవడం, ఆగడం, మింగడం. ఎవరినో చూసి సరిచూసుకుంటున్నట్టు మధ్యలో ఆగేది. ఎత్తుకుని ఇటు తిప్పితే మానేసింది. అటు తిప్పితే మళ్లీ నమిలింది.

పెద్దల నోరు చూసి పిల్లలు నమలడం నేర్చుకుంటారని చదివాను. మరి ఈ పిల్ల ఎవరి నోరు చూసింది? మా ఇంట్లో మూడు పూటలా సంగటే. సంగటిని ఎవరూ నమలరు. చారులో అద్దుకుని మింగుతారు. కొత్త కోడలిగా నేను నమిలితే అత్త నవ్వి మాన్పించింది.

అత్త గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "వాడూ అట్లే, ఎడమ పక్కకు తోసుకొని నమిలేటోడు" అంది మెల్లగా.

 అయినా నేను చదివింది వదల్లేదు. "నమలను వచ్చేసింది అత్తా. పెడదాం."

ఆమె గడప వైపు తిరిగి కూర్చుంది. తర్వాత పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, అల్లరి పిల్లవాణ్ణి మందలిస్తున్నట్టు అంది: "ఒరేయ్, ఇది నీ తమ్ముని బిడ్డ. నేర్పిస్తే నేర్పించు. నీతో పిల్చుకోని మాత్రం పోవద్దు."

అన్నం, పప్పు, ఉడికిన గుమ్మడికాయ పిసికి వేలికొసతో పెట్టాను. పాపకు ఓకరింత వచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అత్త చేయి నా మణికట్టు మీద బిగిసింది. ఓకరింత వేరు, ఊపిరి అందకపోవడం వేరు. దగ్గు వినిపిస్తున్నంతసేపూ గాలి ఆడుతున్నట్టే. అది తలుచుకుంటూ కదలకుండా చూశాను. పాప ముద్దను ఎడమ పక్కకు నెట్టుకుంది. గడప వైపు చూసింది. నమిలింది. మింగి, మళ్లీ నోరు తెరిచింది.

మరుసటి రోజు అత్త గడప మీద సంగటి పెట్టలేదు. పిసికిన అన్నం పెట్టింది, పాప గిన్నెలోంచే. ఆ తర్వాత పాప ఉత్త నోటితో నమలడం మేము చూడలేదు. బరువు కూడా పెరిగింది.

పుస్తకం ఇంటికిచ్చిన గ్రంథాలయంలోని ఆమెకు, విసుక్కోకుండా తూకం వేసిన అంగన్‌వాడీ అక్కకు, నా మణికట్టు వదలకుండానే ముద్ద పెట్టనిచ్చిన అత్తకు కృతజ్ఞతలు. వాళ్ల పేర్లు నాకు తెలుసు, రాయడం లేదంతే. ఇంకొకరికి పేరు పెట్టే చెప్పుకోవాలని ఉంది. ఆ పేరు అత్త ఎన్నడూ పలకలేదు. మా ఆయనకూ తెలియదు.