కల్వకుర్తిలో కప్పేసుకున్నాం

నేనూ మా ఆయనా వ్యానులోనే వండుకుని, పడుకుంటూ ఊళ్లు తిరుగుతాం. నిలబడటానికి వీలుగా పైకి లేపుకునే దాని కప్పు ఎండకు పెనంలా కాలుతోందని, కల్వకుర్తిలో సీటు కవర్లు కుట్టే లక్ష్మమ్మ దగ్గర ఆగాం. ఆమె కప్పు లోపలంతా ఫోమ్ అంటించి, దాని మీద పూల గుడ్డ బిగించింది.

బయల్దేరబోతుంటే ఆపింది.

"జర ఆగు బిడ్డా. కప్పేసుకుంటే ఇల్లయినట్టే గద. పుట్టింటోళ్లు ఒడిబియ్యం పొయ్యకుంట ఎట్ల పోతవు?"

మాది కాకినాడ, ఆ ఆచారం నాకు కొత్త. "మావాళ్లు ఇక్కడెవరూ లేరమ్మా" అన్నాను.

"నేనున్న."

నా చున్నీ పట్టమని, పసుపు కలిపిన బియ్యం దోసిళ్లతో పోసింది. అందులోంచి ఒక పిడికెడు వెనక్కి తీసుకుంది.

"గిది ఈడనే ఉంటది. ఆడబిడ్డవు, మళ్ల రావాలె."